ద్వారకలో కలిసిన వరుస

ద్వారక
నవంబర్ 18, 2024

అక్కా,

నువ్వు కొనిచ్చిన టికెట్టు మీద ఇంత దూరం వచ్చి, నువ్వు కొనిచ్చిన స్వెట్టర్ వేసుకుని రాస్తున్నాను. కాళ్లు వాచాయి కానీ ప్రాణం బాగానే ఉంది. ఫోన్ చేద్దామంటే నీ ఫోన్ ఎప్పుడూ శ్రీజ చేతిలోనే ఉంటుంది. దాని ముచ్చట మనిద్దరం కాగితం మీదే చెప్పుకోవాలని బావ పెట్టిన కట్టుబాటుకు ఇరవై మూడేళ్లు నిండాయి. నీ బడికి నేను, నా అంగన్‌వాడీకి నువ్వు రాసుకుంటుంటే, పోస్ట్‌మ్యాన్ ఒక్కడే మన పేర్లు మర్చిపోకుండా ఉన్నాడు. ఎప్పటిలాగే చదివి చింపెయ్.

నిన్న ఆదివారం శ్రీజ నిశ్చితార్థం కదా. గుడి ముందు క్యూలో అందరూ దేవుడి పేరు తలుస్తుంటే నేను గడియారం చూసుకుంటూ నిల్చున్నాను. పదకొండుకు ఉంగరాలు మార్చుకుని ఉంటారనుకున్నాను. సరిగ్గా ఆ వారంలోనే నాకు పుణ్యం రావాలని నీకు ఎందుకు అనిపించిందో అడగను. అడిగితే ఏం చెప్తావో తెలుసు.

అసలు ముచ్చట ఇది. మధ్యాహ్నం సత్రంలో నీళ్ల కోసం నిలబడితే వెనకనుంచి ఒక పెద్దావిడ మొగుణ్ని తిడుతోంది. "గా చెంబు గట్లనే ఇడిశిపెట్టినవేంది? ఎవడన్న ఎత్తుకపోతే ఏంజేస్తవ్?" ఆ తిట్టు వినగానే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎనిమిది రోజులుగా గుజరాతీ, హిందీ విని విని చెవులు ఎండిపోయాయి.

"మీది జగిత్యాల దిక్కా అవ్వా?" అన్నాను.

"అగో, నీకెట్ల ఎర్కైంది?"

"చెంబును తిడితేనే ఎర్కైంది."

ఇద్దరం పడీపడీ నవ్వాము. ఆవిడ పేరు లక్ష్మవ్వ. జగిత్యాల వాళ్లే, ముప్పై ఏళ్ల కిందట సూరత్ వెళ్లి స్థిరపడ్డారు. భర్త రాజలింగం అక్కడ బట్టల మిల్లులో పనిచేసి దిగిపోయాడట. మూటలో సర్వపిండి ఉంటే సగం విరిచి నా చేతిలో పెట్టింది. ఇక మనవాళ్ల సంగతి తెలుసు కదా, సగం రొట్టె నోట్లో ఉండగానే ఇంటిపేరు అడిగింది. కొయ్యడ అన్నాను, మా ఆయనది ముస్తాబాద్ అన్నాను. ఆవిడ రొట్టె కింద పెట్టేసింది. "మాది గూడ కొయ్యడోళ్లమే! మా మామోళ్ల తాత ముస్తాబాద్ కెంచి జగిత్యాలకు అచ్చిండట. మీ ఆయనది ముస్తాబాదేనంటివి. అయితే పాలోళ్లమే పిల్లా! నువ్వు నాకు యారాలివి!"

వెయ్యి మైళ్ల అవతల నాకొక దాయాదుల ఇంటి తోడికోడలు దొరికింది. ఆవిడ ఫోన్లో ఏవో ఫోటోలు చూపించింది, చూశాను. చీకటి పడేదాకా మాట్లాడుకున్నాం. ఊళ్లో ఇరుగుపొరుగుతో కూడా నేను అంతసేపు మాట్లాడను.

శ్రీజకు కుదిరిన పిల్లవాడిది జగిత్యాల అన్నావు, పేరు శ్రవణ్ అన్నావు. ఇంటిపేరు మాత్రం ఏ ఉత్తరంలోనూ రాయలేదు. మర్చిపోయావా?

వందన

---

కోరుట్ల
నవంబర్ 27

చెల్లె వందనకు ఆశీస్సులు.

యాత్ర నుంచి క్షేమంగా చేరావని మరిదికి ఫోన్ చేస్తే తెలిసింది. సంతోషం.

నిశ్చితార్థం బాగా జరిగింది. శ్రీజ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. తల వంచుకుని కూర్చోమంటే అందరి మొహాలూ చూస్తూ నవ్వుతూనే ఉంది. "చిన్నమ్మ ఎందుకు రాలేదు?" అని రెండుసార్లు అడిగింది. మొక్కు ఉందని చెప్పాను. అబ్బాయి తండ్రి రాజేశం నెమ్మదస్తుడు, కట్నం మాట ఎత్తలేదు. పిల్లలిద్దరూ జగిత్యాలలో కలిసి చదువుకున్నవాళ్లు. వాళ్లకు వాళ్లే ఇష్టపడ్డారు, మేము తల ఊపామంతే. పెళ్లి మాఘంలో.

ఇంటిపేరు అడిగావు. పత్రిక వచ్చాక చూద్దువులే, తొందరేముంది.

నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి నాకు నిద్ర సరిగా లేదు. సూరత్ యారాలు, సర్వపిండి అన్నీ రాశావు. చీకటి పడేదాకా ఏం మాట్లాడుకున్నారో ఒక్క ముక్క రాయలేదు. ఆవిడ దగ్గర శ్రీజ ముచ్చట ఏదైనా తీశావా? పెదవి దాటితే పృథివి దాటుతుందని మన అవ్వ అనేది, నిన్ను చూసే అనేది. వెంటనే రాయి. రెండు వాక్యాలు చాలు.

శ్రీలత

---

సిరిసిల్ల
డిసెంబర్ 5

అక్కా,

యాత్రలో ఆడవాళ్లు ఏం మాట్లాడుకుంటారు? మోకాళ్ల నొప్పులు, కోడళ్లు, ఊళ్లో కల్లు రుచి తగ్గిపోయిందని. దానికి నిద్ర పాడుచేసుకుంటావా?

నాకు ఒక కోరిక ఉంది. ఇరవై మూడేళ్లలో నిన్ను ఏదీ అడగలేదు. దాని పుట్టినరోజుకు రమ్మనకపోతే రాలేదు. పెద్దమనిషి అయినప్పుడు చీర పంపితే నీ పేరు మీద పెట్టావు, సరే అనుకున్నాను. పెళ్లిలో ఒడిబియ్యం పోసేటప్పుడు మొదటి దోసెడు నన్ను పోయనివ్వు. పసుపు కలిపిన బియ్యం ఒక్క దోసెడు. ఎవరైనా ఇదేంటని అడిగితే మొండిది, చిన్నమ్మ ముద్దు అని చెప్పు. తర్వాత నాలుగు దోసిళ్లూ నువ్వే పొయ్యి. నేను వెళ్లి వెనక బంతిలో కూర్చుంటాను.

మీ మరిది ఈ ఉత్తరం రాస్తుంటే చూస్తున్నాడు. ఆయన తాటిచెట్టు మీంచి పడి నడుము విరిగిన ఏడాదే కదా అది పుట్టింది. మా పెద్దోడు చందుగానికి రెండేళ్లు, చేతిలో పసిగుడ్డు, మంచంలో మనిషి. అప్పుడు నువ్వు చేయి చాచావు, నేను పెట్టాను. నువ్వు అడుక్కున్నావని అనను, నేను దానం చేశానని కూడా అనను. ఇద్దరికీ అవసరం పడింది. కానీ ఒక్క దోసెడు బియ్యం, అక్కా.

వందన

---

కోరుట్ల
డిసెంబర్ 17

వందనా,

ఒడిబియ్యం పోసే పని ఇక లేదు. నీకు కూడా శ్రమ తప్పింది.

నిన్న పొద్దున రాజేశం ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇత్తడి పళ్లెంలో మేము పిల్లవాడికి పెట్టిన బట్టలు, ఉంగరం పెట్టి టీపాయి మీద ఉంచాడు. కూర్చోలేదు. మీ బావ ఏమైందని అడిగితే నా వైపు చూసి అన్నాడు, "టీచరమ్మా, పదిమంది పిల్లలకు సదువు చెప్పేదానివి. కొయ్యడోళ్ల పిల్లను కొయ్యడోళ్లకు ఎట్లిస్తవ్? అన్నకు చెల్లెనిచ్చి చేస్తరా ఎక్కడన్న?"

మీ బావ అట్లాంటిదేమీ లేదని గట్టిగానే అన్నాడు. అప్పుడు రాజేశం చెప్పాడు. "మా సూరత్ వదినె మొన్న పెండ్లి పనులకని అచ్చింది. పిల్లను కన్నతల్లే ద్వారకల కల్శి చెప్పిందట. గంత దూరంల, గా దేవుని సన్నిధిల ఎవరన్న అబద్ధం ఆడుతరా?"

శ్రీజ టీ పళ్లెం పట్టుకుని తలుపు దగ్గర నిల్చుంది. ఎప్పటినుంచి నిల్చుందో తెలియదు. ఒక్క కప్పు కూడా తొణకలేదు. మెల్లగా వచ్చి బల్ల మీద పెట్టి, "నాన్నా, కొయ్యడోళ్ల పిల్ల ఎవరు?" అని అడిగింది.

ఇరవై మూడేళ్లు నీకు కట్టుబాట్లు పెట్టిన మీ బావ, ఆ పిల్ల మొహం చూడలేక ఉంగరం వైపు చూస్తూ కూర్చున్నాడు. చివరికి నేనే చెప్పాను. బయటి మనుషుల ముందు, నిలబడి, రెండు మాటల్లో చెప్పాల్సి వచ్చింది. నా జీవితంలో నేను చెప్పిన పాఠాలన్నింటిలోకీ చిన్నది అదే.

మోకాళ్ల నొప్పులు మాట్లాడుకున్నామని రాశావు. నిన్ను ఊరు దాటించి, రాష్ట్రం దాటించి, సముద్రం ఒడ్డుకు పంపితే అక్కడ కూడా నీకు చెవి దొరికింది. ఇంకేం కావాలి నీకు?

శ్రీలత

---

సిరిసిల్ల
డిసెంబర్ 26

శ్రీలత టీచర్ గారికి,

అవును, చెప్పాను. నోరు జారింది. ఊరుగాని ఊళ్లో, మళ్లీ జన్మలో కనపడని మనిషి అనుకుని మనసులో మాట ఒకటి బయటపెట్టాను. ఆవిడ పిల్లవాడి పెద్దమ్మ అవుతుందని నాకు కల వచ్చిందా? నువ్వు ఇంటిపేరు చెప్పి ఉంటే నేను ఆవిడ ఇంటిపేరు వినగానే నోరు కుట్టుకునేదాన్ని. దాచింది నువ్వు. నిందలు నాకు.

అసలు నిన్నే అడుగుతున్నాను. సంబంధం చూసిన రోజే నీకు తెలుసు కదా? పిల్లవాడు కొయ్యడ శ్రవణ్ అని తెలిసి కూడా తాంబూలాలు పుచ్చుకున్నావా? నీ ఇంట్లో పెరిగి పంజాల ఇంటిపేరు పెట్టుకుంటే దాని ఒంట్లో రక్తం పంజాలోళ్లది అయిపోతుందా? మీ మరిదికి చెప్తే ఒక్కటే మాట అన్నాడు. "నేను ఒక్కణ్ని బతికున్ననని మీ అక్క మర్శిపోయింది." ఆయన ఏనాడూ ఆ పిల్లను నా బిడ్డ అని అనలేదు. ఆ ఒక్క మాట అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఇరవై ఒకటో నాడు జగిత్యాల బస్టాండులో దాన్ని నీ చేతుల్లో పెట్టాను. ఎర్ర బస్సు కదిలేటప్పుడు నువ్వు కిటికీ తలుపు దించేశావు. దుమ్ము పడుతుందని దించావేమో. నాకు మాత్రం ఆ తలుపు ఇప్పటికీ దించే ఉంది. పాలు తగ్గడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. అది రాశానా నీకు ఎప్పుడైనా?

పాపం ఎవరిదో తేల్చాలంటే ముందు దాచిన వాళ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టు. శ్రీజను అడిగానని చెప్పు. ఎవరు అడిగారని చెప్తావో నీ ఇష్టం.

కొయ్యడ వందన

---

కోరుట్ల
జనవరి 20, 2025

చెల్లె,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. కోపం దిగేదాకా రాయకూడదని ఆగాను. దిగలేదు కానీ అలసిపోయింది.

నువ్వు అడిగింది నిజమే. మొదటి రోజే తెలుసు. రాజేశం వచ్చి "మేము కొయ్యడోళ్లం" అన్నాడు. శ్రీజ మొహం చూశాను. పిల్లవాడి వైపు చూడకుండా చూస్తోంది. ముస్తాబాద్ నుంచి ఎప్పుడో తాతల కాలంలో విడిపోయిన మనుషులు, ఒకరి చావుకు ఒకరు మైల పట్టని వాళ్లు, వీళ్లేం అన్నాచెల్లెళ్లు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. సైన్సు టీచర్ని కదా, లెక్క వేసి మరీ సర్దిచెప్పుకున్నాను. నువ్వు పెళ్లిలో ఉంటే ఎవరో ఒకరు వరుసలు తీస్తారు, నీ మొహం, దాని మొహం పక్కపక్కన పెట్టి చూస్తారు. అందుకే నిన్ను పంపాను. దేవుడి దగ్గరికి పంపితే తప్పు కూడా పుణ్యం అవుతుందనుకున్నాను.

శ్రీజ అన్నం తింటోంది, ఆఫీసు పని చేసుకుంటోంది, నాతో పొడిపొడిగా మాట్లాడుతోంది. పిల్లవాడు ఒకే ఒక్క మెసేజ్ పెట్టాడట. "నిన్నిప్పుడు ఎట్ల చూడాల్నో నాకు తెలుస్తలేదు" అని. అది నాకు ఫోన్ చూపించి, తీసుకుని, వంటింట్లోకి వెళ్లి గిన్నెలు తోమింది. పనిమనిషి తోమిపెట్టిన గిన్నెలే.

ఒక్కటి మాత్రం నాకు తేల్చి చెప్పు. మొన్న నేను జగిత్యాల వెళ్లి లక్ష్మవ్వను కలిశాను. కాళ్లు పట్టుకుందామని వెళ్లాను. ఆవిడ మంచిదే, నాకు టీ ఇచ్చి ఏడ్చింది. "పిల్ల బతుకు పాడుచెయ్యాల్నని చెప్పలే బిడ్డా, తెల్శినంక ఎట్ల ఊకుంటం?" అంది. ఇంకొకటి కూడా అంది. కోరుట్ల పిల్లతో తమ పిల్లవాడి నిశ్చయమని తనే ముందు చెప్పిందట. ఆ తర్వాతే నువ్వు నోరు విప్పావట. ముసలావిడ, వెనకా ముందూ మర్చిపోయి ఉంటుందని నేను అన్నాను.

మర్చిపోయిందనే రాయి. నేను నమ్ముతాను.

శ్రీలత

---

సిరిసిల్ల
ఫిబ్రవరి 9

అక్కా,

మూడు కాగితాలు చింపి ఇది నాలుగోది రాస్తున్నాను. మర్చిపోయిందనే మొదటిదాంట్లో రాశాను.

లక్ష్మవ్వ ఏమీ మర్చిపోలేదు. రొట్టె తిని, చేతులు కడుక్కుని, ఇద్దరం సత్రం అరుగు మీద కూర్చున్నాం. ఆవిడ ఫోన్ మోగింది. చూసి మురిసిపోయింది. "మా మరిది రాజేశం కొడుకుది ఇయ్యాల్నే నిశ్చయం చెల్లె. ఈ యాత్ర టికెట్లు ముందుగాలనే తీసుకున్నం, గందుకే పోలేకపోయినం, పెండ్లికి పోతం. పిల్లది కోరుట్ల. తల్లి పంతులమ్మ, పంజాలోళ్లు" అంది.

అప్పుడే నాకు అంతా తెలిసిపోయింది. పేరు కూడా అడగనక్కర లేకపోయింది.

ఫోన్ నా చేతికిచ్చింది. ఆకుపచ్చ చీరలో నా బిడ్డ. దాని నిశ్చితార్థం నేను చూసింది సూరత్ మనిషి ఫోన్లో, అక్కా. నువ్వు పక్కన నిలబడి దాని నోట్లో లడ్డు పెడుతున్నావు. అది నీ వైపు చూసి నవ్వుతోంది. నాకు కోపం రాలేదు, నిజంగా. బాగున్నారు ఇద్దరూ అనుకున్నాను. ఫోన్ తిరిగి ఇచ్చేయబోతున్నాను కూడా.

అప్పుడు లక్ష్మవ్వ వేలు పెట్టి చూపించింది. "ఎంత సక్కగున్నదో సూడు పిల్ల. ముక్కు, గదువ, అచ్చం తల్లి పోలికనే."

నీ మొహం మీద వేలు పెట్టింది.

నేను ఆగాను. ఆగలేదని రాస్తే అబద్ధం అవుతుంది. గుడి మీద జెండా మార్చుతున్నారు, అందరూ తలెత్తి చూస్తున్నారు, నేను కూడా చూశాను. ఇంటిపేరు నాకు గుర్తుంది. యారాలని పిలిపించుకుని గంట కూడా కాలేదు. ఈ మాట అంటే ఏమవుతుందో నాకు పూర్తిగా తెలుసు. పాలోళ్లకు పిల్లనివ్వరాదన్న భయం నాకు ఆ నిమిషంలో లేనే లేదు. పాపం, రక్తం అని నీకు రాసినవన్నీ ఇంటికి వచ్చాక వెతుక్కున్న సాకులు. ఒక్క మనిషి, ఒకే ఒక్క మనిషి ఆ ముక్కూ గదువా నావని చెప్పాలనుకున్నాను. నా పోలికని ఎవరూ చెప్పరని తెలిసి నేనే చెప్పుకున్నాను.

"ఆమె తల్లి గాదు లక్ష్మక్కా. గా పిల్లను కన్నది నేను" అన్నాను.

ఆవిడ నా మొహం చూసి, ఫోన్ చూసి, మళ్లీ నా మొహం చూసింది. "అవును, నీ పోలికనే" అంది. ఆ మాట వినగానే నా కడుపు చల్లబడింది. ఎందుకు చెప్పావంటే ఇదే అక్కా, నా దగ్గర ఇంకో కారణం లేదు. అది చల్లబడిన ఆ కాసేపట్లో దాని పెళ్లి పోయింది. ఆవిడ లేచి వెళ్లేటప్పుడు సర్వపిండి మూట మర్చిపోయింది. నేను పిలవలేదు.

నువ్వు నమ్ముతానన్నావు కాబట్టే అబద్ధం రాయలేకపోయాను. దీన్ని తప్పకుండా చింపెయ్. శ్రీజకు మాత్రం నోరు జారిందనే చెప్పు. తెలిసీ చేసిందని తెలిస్తే అది నన్ను చిన్నమ్మగా కూడా మిగలనివ్వదు.

వందన

---

కోరుట్ల
మార్చి 16

చెల్లీ,

చింపెయ్ అని నువ్వు రాసిన ఉత్తరాల్లో నేను ఒక్కటి కూడా చింపలేదు. ఇరవై మూడేళ్లవి, బడి బీరువాలో పాత హాజరు పుస్తకాల కింద దాచాను. ఎందుకు దాచావని అడిగితే చెప్పలేను. దానికి మొదటి పన్ను వచ్చిన రోజు, మొదటిసారి బడికి వెళ్లిన రోజు, అన్నీ నీకు రాసినవి నా దగ్గర లేవు. నువ్వు జవాబుగా అడిగినవే ఉన్నాయి. పాలు తాగుతోందా, జ్వరం తగ్గిందా, జడ ఎంత పొడుగు వచ్చింది. అవి చింపడానికి చేయి రాలేదు.

ఈ నెల నేను రిటైరవుతున్నాను కదా. బీరువా ఖాళీ చేయడానికి సాయం వస్తానని శ్రీజ సెలవు పెట్టి వచ్చింది. నాతో అంత మెత్తగా మాట్లాడి మూడు నెలలైంది, ఆ సంబరంలో నాకు ఒళ్లు తెలియలేదు. హెడ్మాస్టర్ పిలిస్తే పక్క గదికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి నేల మీద కూర్చుని ఉంది. పైన ఉన్నది నీ ఫిబ్రవరి ఉత్తరం. నేను నీకు రాసి, బాగాలేదని పంపకుండా పక్కన పెట్టిన కాగితాలు కూడా అందులోనే ఉన్నాయి. పెళ్లి సంబంధం వచ్చిన రోజు నేను ఇంటిపేరు లెక్కలు వేసుకున్న కాగితంతో సహా.

అది ఏడవలేదు. అన్నీ తారీఖుల వరుసలో పేర్చి తాడు కట్టింది. "ఇద్దరికీ అన్నీ తెల్సు. నాకొక్కదానికే ఏం తెల్వదు" అంది. అంతే. ఆ సాయంత్రమే హైదరాబాద్ వెళ్లిపోయింది. హాస్టల్లో ఉంటుందట. మీ బావ బస్టాండు దాకా వెళ్లి బ్యాగు అందించబోతే, ఫరవాలేదని తనే పెట్టుకుందట. కిటికీ పక్కన కూర్చుందట. తలుపు దించిందో లేదో నేను అడగలేదు.

నీ మీద నాకు ఇప్పుడు కోపం లేదు. నువ్వు నోటితో చేసింది నేను నోరు మూసుకుని చేశాను. నువ్వు ఒక్క నిమిషం తల్లివి కావాలనుకున్నావు. నేను ఒక్క నిమిషం కూడా వదలలేకపోయాను.

ఇవాళ ఆదివారం, పొద్దున ఫోన్ చేసింది. పది రోజుల తర్వాత. తిన్నావా అని అడిగాను, తిన్నానంది. చలిగా ఉందా అన్నాను, మార్చిలో చలేందంది. పెట్టేసే ముందు, "ఆరోగ్యం జాగ్రత్త పెద్దమ్మా" అంది.

నేను సరిగా వినలేదేమో అనుకుని, "ఏమన్నవ్ బిడ్డా?" అన్నాను.

"వరుసకు పెద్దమ్మవే గద" అంది. గొంతులో కోపం ఏమీ లేదు, లెక్క సరిచూసి చెప్పినట్టే చెప్పింది.

అమ్మ అనే పిలుపు నాకెట్లాగూ పోయింది, నీకైనా దక్కనీ అనుకున్నానో, నీకు కూడా దక్కొద్దని అనుకున్నానో, ఇప్పటికీ తెలియదు. "మరి వందనను ఏమని పిలుస్తవ్?" అని అడిగాను.

"పుట్టినకాడికెంచి చిన్నమ్మనే గద. చిన్నమ్మనే అంట" అంది, ఫోన్ పెట్టేసింది.

ఈ ఉత్తరం నువ్వు చింపినా ఉంచుకున్నా ఒకటే. ఇక నీకు ఫోనే చేస్తాను, వినేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు.

మీ అక్క
శ్రీలత